పదకొండుమంది ఊరు

జనవరి 20, శనివారం

మంగళవారం జరిగినది వరసగా రాసి పెడుతున్నాను. అందరూ అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి తేడాగా చెప్తున్నాను. ఒకచోట సరిగ్గా ఉండాలి.

ఆరింటికి లేచాం. బయట మైనస్ ముప్పై తొమ్మిది. గాలి లేదు. పొగగొట్టాల మీద పొగలు నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి. నా భార్య తోరా ఓట్సు జావ కాచింది. ఏడు కావస్తుండగా పక్కింటి రొవేనా కారు బయల్దేరిన చప్పుడు వినిపించింది. టౌన్లో వృద్ధాశ్రమంలో ఆమె ఉద్యోగం. వాళ్ళ ఇంటి బయటి ప్లగ్గు కాలిపోయి రెండేళ్ళయింది, ఇంటి యజమాని బాగుచేయించడు. అందుకని రాత్రంతా మా వాకిట్లో ప్లగ్గు స్తంభం నుంచి పసుపు వైరు వాళ్ళ కారు ఇంజను హీటరుకి ఉంటుంది. పొద్దున వెళ్ళేముందు రొవేనా దాన్ని తీసి మా ట్రక్కుకి తగిలించి పోతుంది. ఈ ఏర్పాటు తోరాది. ఈ చలిలో కరెంటు లేకుండా వదిలేసిన ఇంజను నాలుగు గంటల్లో రాయి.

తర్వాత నేను కొన్ని పనులు చూసుకున్నాను.

పన్నెండున్నరకి భోజనం. బఠాణీ సూపు, రొట్టె.

రెండూ ఐదుకి తోరా వంటింట్లోంచి పిలిచింది. బల్ల పట్టుకుని నిలబడి ఉంది. గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంది అంది. మొహమంతా చెమట. అంబులెన్సుకి ఫోను చేశాను. టౌను డెబ్భై కిలోమీటర్లు. మేమూ బయల్దేరి ఎదురు వెళ్తే సగం దారి కలిసొస్తుందన్నారు. ట్రక్కు తాళం తిప్పాను. ఒకసారి మూలిగింది. రెండోసారి అదీ లేదు. దిగి చూస్తే వైరు లేదు.

ఎదురింటి ఓరెస్ట్ పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ ట్రక్కు మీద అతని భార్య స్టెఫ్కా సరుకులకి వెళ్ళింది. ఊళ్ళో గరాజు ఉన్న లైల్ ముప్పై కిలోమీటర్ల అవతల తన పొలంలో ఉన్నాడు, ఫోను అందగానే బయల్దేరాడు. ఊళ్ళో ఇంకో కారు గానీ ట్రక్కు గానీ లేదు. తోరాకి కోటు వేసి తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె కిటికీలోంచి స్తంభం వైపు చూసింది.

"రొవేనా కంగారులో డిక్కీలో వేసుకుని పోయుంటుంది. డిసెంబర్లోనూ ఒకసారి అలాగే చేసింది కదా," అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "పాపం, దాన్నేమీ అనకండి," అంది.

ఓరెస్ట్ విన్నాడు. నేను ఏమీ అనలేదు.

రెండూ యాభైకి లైల్ వచ్చాడు. హైవే కూడలికి కొంచెం అవతల అంబులెన్సు ఎదురైంది. మూడూ నలభైకి వాళ్ళు చేస్తున్నది ఆపేశారు.

టౌన్లో డాక్టరు కుర్రాడు. "ఒక అరగంట ముందు గనక..." అని నా మొహం చూసి ఆగిపోయాడు.

ఇంతే.


జనవరి 22

ఖననం. నేల మెత్తబడడానికి ఓరెస్ట్, లైల్ రెండు రోజులు గడ్డిమోపులు కాల్చారు. గొయ్యి అంచులు నల్లగా ఉన్నాయి.

తర్వాత హాల్లో భోజనాలు. లైల్ భార్య చేసిన గుడ్డు శాండ్విచ్చీలు, ఊరగాయ దోసకాయలు, స్టెఫ్కా చేసిన క్యాబేజీ చుట్టలు. రొవేనా పెద్ద పళ్ళెంలో వాళ్ళ దేశపు సేమ్యా వండి తెచ్చింది. తోరాకి అదంటే ఇష్టం. పళ్ళెం అంచుదాకా నిండుగా బల్ల మీద ఉంది. ఒక్కళ్ళూ గరిటె పెట్టలేదు.

"మనిషిని పైకి పంపించి నూడుల్స్ పెడుతోంది," అన్నాడు లైల్. మెల్లిగానే అన్నాడు. కానీ అది వందమంది పట్టే హాలు, అందులో ఉన్నది పదిమందిమే.

రొవేనా భర్త నెస్టర్ వచ్చి పళ్ళేనికి మూత పెట్టి పట్టుకెళ్ళిపోయాడు. వాళ్ళ పిల్ల తాలా వెనకే నడిచింది. పిల్లకి ఏడేళ్ళు. "ఎవ్వరూ తినలేదేం నాన్నా?" అని తలుపు దగ్గర అడిగింది.

నేను వెళ్ళి ఒక గరిటెడు వడ్డించుకుని ఉండొచ్చు. కుర్చీలోంచి లేవలేదు.


జనవరి 23

ఫోను నాలుగుసార్లు మోగింది. తియ్యలేదు.


జనవరి 25

తొమ్మిదింటికి లైల్ గరాజులో కాఫీకి వెళ్ళాను. వెళ్ళకపోతే వాళ్ళే వస్తారు. ఓరెస్ట్, లైల్, ముసలి అన్నదమ్ములు హాల్వర్, ఐనర్. ఇంకో ఖాళీ కుర్చీ ఉంది, నెస్టర్‌ది. దాన్ని గోడవైపు తిప్పి దాని మీద లైల్ టైరు పెట్టాడు.

"బోర్డు మార్చాలి మాస్టారూ," అన్నాడు లైల్. వాడు ఊరి మేయరు, నేను గుమాస్తాని. ఊరి మొదట్లో 'జనాభా 11' అని ఉన్న అంకె నా చేతిరాతే. ఇరవై ఆరేళ్ళ కిందట మొదటిసారి రాసినప్పుడు అది 94.

"ఇప్పుడే తొందరేంట్రా?" అన్నాడు ఓరెస్ట్.

"తొందరని కాదు. నిజం నిజమే కదా. పది."

"నీకు లెక్కలు వచ్చని మాకు తెలుసులే. మాస్టారి దగ్గర మూడేళ్ళు ఒకే క్లాసు చదివావు."

హాల్వర్ నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

అప్పుడు లైల్ ఇంకో మాట అన్నాడు. ఊరి రింకులో మంచు గచ్చు మీద రాళ్ళు జార్చే కర్లింగు ఆట ఒకటి తోరా పేరు మీద పెడదామట. పక్కూళ్ళ జట్లని కూడా పిలుద్దామట. "రింకులో మంచు మీరే వెయ్యాలి. మీరు వేసినట్టు ఎవడూ వెయ్యలేడు. ఇవాళ వెళ్ళి చూద్దామా?"

కప్పు కింద పెట్టాను. పైపు గడ్డకట్టి ఉందని చెప్పాను. లోపల ఏదీ కదపొద్దని, పగిలితే రింకంతా పోతుందని, నేనే చూసుకుంటానని చెప్పాను. చాలా మాట్లాడాను. ఓరెస్ట్ నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు రింకు వెనకనుంచి కాకుండా చర్చి వైపునుంచి చుట్టు తిరిగి వచ్చాను.


జనవరి 28

ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తోంది. ఆగిన తర్వాత ఇల్లు ఏదో అడగబోతున్నట్టు ఉంటుంది.


జనవరి 30

రొవేనా వచ్చింది. తలుపు కొట్టింది. మొన్నటిదాకా తోసుకుని వచ్చేది.

"టీటో, లోపలికి రావచ్చా?"

మమ్మల్ని మొదటినుంచీ టీటో, టీటా అనే పిలుస్తుంది. వాళ్ళ దేశంలో బాబాయి, పిన్ని అన్నట్టు. బూట్లు విప్పి చాప మీదే నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాకు గుర్తు రావట్లేదు టీటో. ఎంత ఆలోచించినా ఆ పొద్దున్నే గుర్తు రావట్లేదు. రోజూ చేసే పని కదా, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. మీ ట్రక్కుకి పెట్టాననే అనిపిస్తుంది. మళ్ళీ అది సోమవారం పెట్టిందేమో అనిపిస్తుంది. డిక్కీ మూడుసార్లు వెతికాను. సీట్ల కింద చూశాను. లేదు. బంపరుకి చిక్కుకుని దారిలో ఎక్కడో పడిపోయిందేమో."

కాఫీ ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

"టీటా నన్నేమీ అనొద్దని చెప్పారట. ఓరెస్ట్ గారు చెప్పారు. అది విన్నప్పట్నించీ అన్నం సహించట్లేదు. నన్ను తిట్టి పోయినా బావుండేది. మీరైనా తిట్టండి టీటో."

"తిట్టడానికేమీ లేదు," అన్నాను.

అది అబద్ధం కాదు.

క్షమించానని ఆమె అనుకుంది. నా కుడిచెయ్యి అందుకుని వంగి తన నుదుటికి ఆనించుకుంది. వాళ్ళలో పెద్దవాళ్ళకి అలా చేస్తారు. నుదురు వేడిగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఎంతసేపు ఉంచిందో అంతసేపూ ఉంచాను.

ఆమె వెళ్ళాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఎందుకో తెలీదు.


ఫిబ్రవరి 1

రింకుదాకా వెళ్ళాను. తాళం తియ్యలేదు. ఐనర్ కుక్కని తిప్పుతున్నాడు. కప్పు మీద మంచు చూస్తున్నట్టు కాసేపు పైకి చూసి వచ్చేశాను.


ఫిబ్రవరి 2

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వచ్చేశాను.


ఫిబ్రవరి 4, ఆదివారం

ఇరవయ్యో తేదీ రాసింది చదివాను. 'తర్వాత నేను కొన్ని పనులు చూసుకున్నాను' అని ఉంది. ముప్పై ఏళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దినవాణ్ణి. ఇలాంటి వాక్యం కింద గీత గీసి 'ఏ పనులు?' అని రాసేవాణ్ణి.

పనులు ఇవి. తొమ్మిదింటికి రింకుకి వెళ్ళాను. మంచు మీద కొత్త పొర వెయ్యాలి. నీళ్ళ పైపు గడ్డకట్టి ఉంది. అక్కడ హీటరు ఉంది కానీ దాని తీగ ప్లగ్గుదాకా అందదు. ఇంటికొచ్చాను. పసుపు వైరు మా ట్రక్కుకి తగిలించి ఉంది. రొవేనా రోజూలాగే నేలకి తగలకుండా, మంచు దులిపి, అద్దానికి ఒక చుట్టు చుట్టి మరీ పెట్టి వెళ్ళింది. దాన్ని తీశాను. ఒక గంటలో తెచ్చి మళ్ళీ పెట్టెయ్యొచ్చు అనుకున్నాను. పైపు కరగడానికి రెండు గంటలు పట్టింది. నీళ్ళు వేసేసరికి పన్నెండు దాటింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంటికొచ్చేశాను.

వైరు రింకులో ఉండిపోయింది. ఇంకా అక్కడే ఉంది.

ఇక్కడ ఎవరైనా ఇలాగే చేస్తారు. వైరు ఎక్కడ అవసరమైతే అక్కడికి పోతుంది. పది అవసరాలు, ఒక వైరు. ఎవరైనా మర్చిపోతారు. మైనస్ ముప్పై తొమ్మిదిలో ఎవరైనా మర్చిపోతారు.

ఎవరైనా.


ఫిబ్రవరి 6

ఇవాళ తీసుకొచ్చాను.

మధ్యాహ్నం, అందరూ నిద్రపోయే వేళ. రింకులో నేను వేసిన పొర అద్దంలా ఉంది. ఎవరూ కాలు పెట్టలేదు. హీటరు పక్కన వైరు చుట్టచుట్టుకుని పడి ఉంది. దాని కొసన నల్ల టేపు మీద మా ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు, ఎ.టి. అని తెల్లరంగుతో రాసి ఉన్నాయి. తోరా రాత. హాల్లో సామాను కలిసిపోతుందని పళ్ళేల దగ్గర్నుంచి పలుగుల దాకా అన్నిటికీ పేర్లు రాసేది.

చేత్తో పట్టుకుని వీధిలో నడవలేను. కోటు విప్పి వైరుని ఛాతీ చుట్టూ, నడుం చుట్టూ చుట్టుకున్నాను. ముప్పై మీటర్లు. పైన కోటు వేస్తే గుండీలు పట్టలేదు. ఒక చేత్తో కోటు మూసిపట్టుకుని నడిచాను. చలికి బిగుసుకుపోయి ఉంది. ఊపిరి తీసుకుంటే పక్కటెముకల్ని నొక్కుతోంది. హాల్వర్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఊపాను. నేను పడిపోతే వాడు వస్తాడు, కోటు విప్పుతాడు, ఇదే అనుకుంటూ ఇల్లు చేరాను.

నేలమాళిగలో బంగాళాదుంపల పెట్టె కింద పెట్టాను.

ఇప్పుడు ఎవరైనా రింకుకి వెళ్ళొచ్చు. లైల్‌కి ఫోను చేసి పైపు బాగయింది, పదిహేడున ఆట పెట్టుకోవచ్చని చెప్పాను.

భయం తగ్గుతుందనుకున్నాను.


ఫిబ్రవరి 9

పొద్దుటినుంచి గాలి. నేల మీది మంచు లేచి పొగలా పరుగెడుతోంది. మోకాళ్ళ ఎత్తున ఏమీ కనబడదు, పైన మాత్రం నీలాకాశం, ఎండ. రెండున్నరకి ఓరెస్ట్ ఫోను చేశాడు.

"మీ పక్కింటావిడ ఇంట్లో ఉందేమో చూడు. కారు కూడలి దగ్గర ఆగి ఉందని స్టెఫ్కా చెప్తోంది. లోపల మనిషి లేదట."

ఇంట్లో లేదు. చెప్పాను. ఓరెస్ట్ ట్రాక్టరు తీశాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. వెళ్ళి ట్రాక్టరు ఎక్కొచ్చు, నేనూ వెతకొచ్చు. కిటికీ చట్రం పట్టుకున్న చేతులు విడివడలేదు. ఇంకొకరు. నావల్ల ఇంకొకరు. ఈ మాట తప్ప బుర్రలో ఏమీ లేదు.

దొరికింది. ఓరెస్ట్ వాళ్ళింటికి వెళ్ళాను. స్టెఫ్కా ఆమెని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టించింది. చెంపల మీద రెండు మచ్చలు, మైనంలా తెల్లగా.

"గోతిలో నడుస్తోందిరా," అన్నాడు ఓరెస్ట్. "రోడ్డు పక్క గోతిలో, నడుం లోతు మంచులో, కర్రతో పొడుచుకుంటూ. ఏం వెతుకుతున్నావమ్మా అంటే వైరంటుంది."

"ఇవాళ సెలవు తీసుకున్నాను," అంది రొవేనా. పళ్ళు టకటకలాడుతున్నాయి. "గాలికి మంచు లేచిపోతోంది కదా, కింద ఉన్నది బయటపడుతుందనుకున్నా. కూడలి దగ్గర్నుంచి మొదలుపెట్టా. పసుపుది కదా, కనబడుతుంది."

"పిచ్చిపిల్లా," అంది స్టెఫ్కా. "వైరు దొరికితే మాత్రం ఏం ఒరుగుతుందే?"

"ఎక్కడ పడేశానో తెలుస్తుంది కదా ఆంటీ. నేనే పడేశానని ఖాయంగా తెలుస్తుంది. అప్పుడు నిద్ర పడుతుంది."

వాకిట్లోకి వచ్చి మెట్ల కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్తే స్టెఫ్కా నా వీపు నిమిరి, "నువ్వు బంగారంలాంటి మనిషివి ఆర్విడ్. ఇంకొకడైతే ఆ పిల్ల మొహం కూడా చూడడు," అంది.


ఫిబ్రవరి 10

ఇవాళ చెప్పాలి.

చెప్పలేదు.


ఫిబ్రవరి 14

కాఫీ దగ్గర తెలిసింది. నెస్టర్ రెజీనా నగరంలో ఏదో గిడ్డంగిలో పని చూసుకున్నాడు. ఇరవై నాలుగు, శనివారం, పొద్దున ఎనిమిదింటికి సామాను బండి వస్తుంది.

"మంచిదే," అన్నాడు లైల్. "వాళ్ళకీ మంచిదే."

"నీకూ మంచిదేనా?" అన్నాడు ఓరెస్ట్.

"నాకేంటి?"

"స్కూలు బస్సు ఎవరికోసం వస్తోందిరా ఈ ఊరికి? నీకోసమా? ఆ ఒక్క పిల్ల కోసం. బస్సు వస్తుంది కాబట్టి మంచు తోసే బండి పొద్దున ఆరున్నరకే దారి తీస్తుంది. పిల్ల పోతే బస్సు పోతుంది. బస్సు పోయాక మన దారి తియ్యడానికి మధ్యాహ్నం వస్తారో మర్నాడు వస్తారో. ఏడుగురం. అందరికీ అరవై దాటాయి. ఎవడికి గుండెనొప్పి వచ్చినా ముందు ఫోను చేసి రోడ్డు ఎప్పుడు తీస్తారో కనుక్కుని తెచ్చుకోవాలి."

ఎవరూ నవ్వలేదు. ఐనర్ సంవత్సరానికి రెండు మాటలు మాట్లాడతాడు. "ఉండమని అడగొచ్చు కదా," అన్నాడు.

"ఎవరు అడుగుతారు? తోరా ఇంటాయన్ని ఇక్కడ కూర్చోబెట్టుకుని?" అన్నాడు లైల్.

అందరూ నావైపు చూశారు. ఎవరి కళ్ళలోనూ కోపం లేదు. జాలి. ఆ కళ్ళంటే నాకు ఇప్పుడు ఎంత భయమో రాయలేను.


ఫిబ్రవరి 17

తోరా పేరు మీద ఆట జరిగింది. మూడు ఊళ్ళ నుంచి వచ్చారు. మంచు చాలా బాగా వేశానని అందరూ అన్నారు.


ఫిబ్రవరి 20

బోర్డు దగ్గరికి రంగు డబ్బా పట్టుకెళ్ళాను. పది రాయాలా, ఆగి శనివారం తర్వాత ఏడు రాయాలా తేల్చుకోలేక డబ్బా మూత కూడా తియ్యలేదు. రంగు ఎలాగూ గడ్డకట్టి ఉంటుంది.


ఫిబ్రవరి 22, గురువారం

ఓరెస్ట్ వచ్చాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తోరా పోయాక వాడు టోపీ తియ్యడం ఇదే మొదటిసారి, ఖననం రోజున తప్ప.

"నేను చూశానురా," అన్నాడు.

ఏం చూశావని అడగలేదు.

"జనవరి ఇరవై నాలుగున. రింకులో లైటు వెలుగుతోందని ఆర్పడానికి వెళ్ళా. హీటరు పక్కన ఉంది. టేపు చూశా. నువ్వే చెప్తావని చూస్తూ కూర్చున్నా. తర్వాత ఆట రోజు వెళ్తే లేదు."

బయట ఐనర్ కుక్క మొరుగుతోంది. లేచి కిటికీ తెర వేశాను.

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎవరికి? లైల్‌కా?" మొహం రుద్దుకున్నాడు. "వినరా మాస్టారూ. వాళ్ళు సామాను కట్టేసుకున్నారు. ఆ పిల్లకి అక్కడ ఇంతకంటే మంచి బడి ఉంటుంది. తోరా తిరిగి రాదు. నువ్వు ఇప్పుడు నోరు విప్పావనుకో, ఆ గరాజులో ఏ కుర్చీలో కూర్చుంటావు? ఏడుగురం మిగుల్తాం. అందులో ఒకణ్ణి వెలేస్తే అది ఊరు కాదురా, పేకాటకి కూడా చాలదు."

"ఆవిడ గోతిలో వెతికింది ఓరెస్ట్."

"తెలుసు."

"నడుం లోతులో."

"తీసుకొచ్చింది నేనేగా." గొంతు పెరిగింది. "నాకు తెలీదనుకున్నావా? ట్రాక్టరులో పక్కన కూర్చుని ఏడుస్తోంది. నోటిదాకా వచ్చింది. మింగేశా. నీకోసం మింగేశా. చిన్నప్పట్నించీ నాకున్నది నువ్వొక్కడివేరా."

టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"నీ ఇష్టం. నాకైతే భయంగా ఉంది. నీకు లేదా?"

ఉందన్నాను.

"అయితే భయపడుతూ కూర్చో. అదేం నేరం కాదు," అని వెళ్ళిపోయాడు.


ఫిబ్రవరి 23, శుక్రవారం

సాయంత్రం ఐదు. ఇంకా వెలుగుంది. పక్కింటి కిటికీలకి తెరలు తీసేశారు. అట్టపెట్టెలు గోడ ఎత్తున కనబడుతున్నాయి. తాలా వాటి మీద ఎక్కి దూకుతోంది. నెస్టర్ కోప్పడుతున్నాడు, అది నవ్వుతోంది.

ఓరెస్ట్ చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో పొద్దుటినుంచి వెతుకుతున్నాను. దొరకలేదు. అంతా సబబుగానే ఉంది. ఇంకొక్క రాత్రి నోరు మూసుకుంటే చాలు. ఎనిమిదింటికి బండి వస్తుంది, తొమ్మిదింటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నన్ను అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆ మాట రాసి మళ్ళీ చదివాను. అడిగేవాళ్ళు ఉండరు. ఈ ఇంట్లో, ఈ చలిలో, నేను చచ్చేదాకా.

ఇంకొకటి రాయలేదు. ఫిబ్రవరి నాలుగున అంతా రాసేశానని నాకు నేనే చెప్పుకున్నాను. రాయలేదు.

భోజనాల దగ్గర తోరా అడిగింది. సూపు వడ్డిస్తూ అడిగింది. "ట్రక్కుకి వైరు ఉందా? రేపు నన్ను టౌనుకి తీసుకెళ్ళాలి, అలా చల్లబడనివ్వకు."

ఉంది అన్నాను.

లేదని తెలుసు. లేదంటే లేచి మళ్ళీ కోటు, బూట్లు, చేతిజోళ్ళు వేసుకుని రింకుదాకా పోవాలి. వేళ్ళు అప్పుడే వెచ్చబడుతున్నాయి. సూపు వేడిగా ఉంది. తిన్నాక వెళ్దాం అనుకున్నాను. తిన్నాక కాసేపు పడుకుందాం అనుకున్నాను. మర్చిపోలేదు. ఒక్క నిమిషం కూడా మర్చిపోలేదు.

నేను ఉందన్నాను కాబట్టే, లేకపోయేసరికి ఆమె రొవేనా తీసుకుపోయుంటుందని అనుకుంది. నా మాట అబద్ధమయ్యుంటుందని ఆమెకి తోచనే లేదు. నలభై ఒక్క ఏళ్ళలో తోచాల్సిన అవసరం రాలేదు. గుండె మీద ఎవరో కూర్చుని ఉండగా, ఊపిరి చాలక, ఇంకో మనిషిని కాపాడ్డానికి ప్రయత్నించింది. నేను పక్కనే నిలబడి విన్నాను. అది నేను తీశాను తోరా అనడానికి రెండు సెకండ్లు పడుతుంది. లైల్ రావడానికి ఇంకా అరగంట ఉంది. అరగంట పాటు ఆ రెండు సెకండ్లు నా దగ్గర ఉన్నాయి.

ఆమె ఆ మాటే నిజమనుకుని పోయింది. దాన్ని ఇప్పుడు ఆమెకోసం దిద్దలేను. ఊరంతా తోరా చివరి మాటగా చెప్పుకుంటున్నది నా అబద్ధం.

రొవేనాకి చెప్తే ఏమంటుంది? ఏడుస్తుందేమో. కొడుతుందేమో. నెస్టర్ మంచివాడు, కానీ నెల రోజులుగా అతన్ని ఎవరూ కాఫీకి పిలవలేదు. లైల్ ఏమంటాడో తెలుసు. స్టెఫ్కా ఇంకెప్పుడూ నా వీపు మీద చెయ్యి వెయ్యదు. అన్నిటికంటే రొవేనా కళ్ళు. అరవై తొమ్మిదేళ్ళలో ఇంత భయం ఎరగను. అంబులెన్సులో కూడా ఇంత లేదు.

కానీ ఆమె రెజీనాలో ఏ రోడ్డు పక్కన నడిచినా గోతిలోకి చూస్తుంది. చలికాలం వచ్చినప్పుడల్లా చూస్తుంది. పిల్ల పెద్దదయ్యాక మా అమ్మ ఎందుకలా చూస్తుంది అని అడుగుతుంది. నా భయం నాతో పోతుంది. ఆమెకి నేనిచ్చింది అలా పోదు.

రేపు పొద్దున ఏడింటికి వాళ్ళింటికి వెళ్తాను. రొవేనాకి, నెస్టర్‌కి ఇద్దరికీ చెప్తాను. నిలబడే చెప్తాను. పిల్ల వింటుంటే విననిస్తాను. ఆ పొద్దున రొవేనా వైరు సరిగ్గానే పెట్టిందని, మంచు దులిపి మరీ పెట్టిందని ముందు చెప్తాను. తర్వాత మిగతాది, సూపు దగ్గర అన్న మాటతో సహా. క్షమించమని అడగను. ఉండిపొమ్మని కూడా అడగను, అది అడగాల్సింది ఊరు. తొమ్మిదింటికి లైల్ గరాజుకి వెళ్ళి, కాఫీ పోసుకోకముందే, అందరి ఎదుటా అదే మళ్ళీ చెప్తాను.